అద్దాలాయన పెరటి మట్టి

యూనివర్సిటీలో అందరూ ఆవిణ్ణి వెండి మేడం అనేవాళ్ళు. ఒంటి మీద వెండి ఉండి కాదు, చెవులకి కూడా ఏమీ పెట్టుకునేది కాదు. వెండిని కంటికి ఆననంత సన్నటి రేణువులుగా చేస్తే అవి మొక్కల ఒంట్లోకి ఎలా వెళ్తాయి, వెళ్ళి ఏం చేస్తాయి అన్నదే ఆవిడ చదువు, ఉద్యోగం, కాలక్షేపం, అన్నీ. నానో రేణువులంటారు వాటిని. ఒక వెంట్రుక మందంలో వేలకొద్దీ వరసగా పడతాయి. గాయాలకి కట్టే పట్టీల్లో, వాసన పట్టని మేజోళ్ళలో, గోడలకి వేసే కొన్ని రంగుల్లో వాడతారు. వాడిందంతా ఉతుకుల్లో, కడుగుళ్ళలో కాలవలో కలుస్తుంది, కాలవ నీళ్ళు పొలాలకి వెళ్తాయి. అక్కడ మొక్కలు వాటితో ఎలా వేగుతున్నాయో ఎవరో ఒకరు చూడాలి కదా. ఆ ఎవరో ఒకరు ఈవిడ.

ఆవిడ పని గది భవనం అడుగు అంతస్తులో ఉండేది. కిటికీ లేదు. గోడల వెంబడి ఇనుప అరలు, అరల్లో నల్లకాగితం చుట్టిన గాజు సీసాలు, ప్రతి సీసా మూతిలోంచి ఒక చిక్కుడు మొక్క. వేళ్ళు నీళ్ళలో, ఆకులు ట్యూబులైట్ల కింద. పొద్దున్నే లైట్లు వాటంతటవే వెలిగేవి, సాయంత్రం వాటంతటవే ఆరేవి. బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో ఆ గదిలో తెలిసేది కాదు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని అక్కడే తినేది. పైన అందరూ కలిసి తినే హాలు ఉంది. తనతోపాటు చేరినవాళ్ళు ఒక్కొక్కరే వేరే చోట్లకి వెళ్ళిపోయాక, కొత్తగా వచ్చిన వాళ్ళందరికీ పిల్లల బళ్ళు, ఇంటి అప్పుల కబుర్లు. ఈవిడ వెళ్ళి కూర్చుంటే కాస్త జరిగి చోటిచ్చేవాళ్ళు, ‘బావున్నారా’ అనేవాళ్ళు, మళ్ళీ వాళ్ళ మాటల్లో వాళ్ళు పడిపోయేవాళ్ళు. ఎవరూ ఆవిణ్ణి వెలివెయ్యలేదు. పిలవడం మర్చిపోయారు, అంతే. కొన్నాళ్ళకి ఆవిడా వెళ్ళడం మర్చిపోయింది.

పెళ్ళి మాట ఒకప్పుడు నడిచింది. ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో అడిగితే, ‘ఆయనకి తొందర, నాకు మొలకలు’ అని నవ్వేసేది. ఆ నవ్వు చూశాక రెండోసారి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు. తండ్రి. ఆయన్ని పాత వీధిలో అద్దాలాయన అనేవాళ్ళు. గాజు పలకలకి వెనక వెండి పూత వేసి అద్దాలు చెయ్యడం ఆయన పని. ఆ పేటలో సగం మంది తల దువ్వుకున్నది ఆయన చేసిన అద్దాల ముందే. తర్వాత ఫ్యాక్టరీ అద్దాలు వచ్చాయి, ఈయన చేతి అద్దాలు అడిగే నాథుడు లేకుండా పోయాడు. భార్య అంతకు ముందే, కూతురు కాలేజీలో ఉండగా, కిడ్నీలు పాడై చనిపోయింది. మోకాళ్ళు మొరాయించాక దుకాణం, దాని మీది గదులు ఒక వడ్రంగి కుటుంబానికి అద్దెకిచ్చి, కూతురి దగ్గరికి వచ్చేశాడు. లిఫ్టున్న భవనంలో రెండు గదుల ఇల్లు.

ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రేమ లేక కాదు. మాటల్లేవు. ‘తిన్నావా?’ ‘తిన్నాను.’ ‘మాత్ర వేసుకున్నావా?’ ‘ఆఁ.’ ఆయన టీవీ చూస్తూ నిద్రపోయేవాడు. ఆవిడ వచ్చి ఆపేది. ఆపగానే మెలకువ వచ్చి, ‘చూస్తున్నానే’ అనేవాడు. ఆ ఇంట్లో రోజూ నడిచే పెద్ద సంభాషణ అదే.

ఒకసారి ఆవిడ పంపిన పరిశోధన వ్యాసం తిరిగొచ్చింది. తప్పని కాదు. ‘సీసాల్లో మీరు చూపించింది బాగానే ఉంది. ఏళ్ళ తరబడి వెండి పడిన అసలైన నేలలో ఏం జరుగుతుందో ఎవరు చూశారు?’ అని పత్రిక వాళ్ళు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ అలాంటి నేల ఎక్కడ దొరుకుతుంది? బస్సులో అదే ఆలోచన, మెట్ల దగ్గరా అదే ఆలోచన. తలుపు తీసేసరికి తండ్రి వాష్ బేసిన్ దగ్గర నిలబడి, అద్దం అంచున పొరలు లేచి నల్లబడ్డ చోట గోటితో గీకుతున్నాడు.

“చూశావటే, ఫ్యాక్టరీ సరుకు. కడగడం చేతకాదు వెధవలకి. పూత వేసే ముందు ఎంత కడుగుతావో, వేశాక అంత కడగాలి.”

“కడిగిన నీళ్ళు ఎక్కడ పోసేవాడివి నాన్నా?” ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది.

“ఎక్కడేమిటి, పెరట్లో. గోడవార కాలవ ఉండేది కదా.”

ఆవిడ గొడుగు మడవబోతూ ఆగిపోయింది. “ఆ నీళ్ళు ఏ రంగులో ఉండేవి?”

“ముందు టీ డికాషన్ రంగులో. ఉండగా ఉండగా నల్లబడి, అడుక్కి బురదలా దిగేది. ఎందుకు?”

గొడుగు నీళ్ళు నేల మీద కారుతున్నా చూసుకోకుండా ఆవిడ అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. టీ డికాషన్ రంగు! వెండి నీళ్ళలో నానో రేణువులుగా విడిపోయినప్పుడు వచ్చే రంగు అదే. తను ఇన్నేళ్ళుగా చిన్న చిన్న సీసాల్లో తెప్పించుకుంటున్న సరుకుని, ఈ మనిషి కూతురి చిన్నతనమంతా బకెట్లతో పెరట్లో పారబోశాడు. తను ఆ కాలవ దాటుకుంటూ బడికి వెళ్ళింది.

ఆ తర్వాత వచ్చిన సెలవు రోజున ఇద్దరూ పాత వీధికి వెళ్ళారు. అద్దాలాయన ఆ పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆటోలో కూర్చున్న దగ్గర్నుంచీ నోరు మూతపడలేదు. గాజుని తగరం నీళ్ళతో ఎలా తుడవాలో, వెండి నీళ్ళు ఒక చేత్తో, చక్కెర కలిపిన నీళ్ళు ఒక చేత్తో ఎలా పొయ్యాలో చేతులు ఊపి మరీ చెప్పాడు. “పోశాక కాసేపు ఏమీ ఉండదు. గాజు మీద మురికి పట్టినట్టు ఉంటుంది. కొత్తవాడైతే పాడైపోయిందని ఏడుస్తాడు. అప్పుడు చూడూ, ఉన్నట్టుండి నీ మొహం నీకు కనబడుతుంది. ఎన్ని వేశానో, ప్రతిసారీ ఉలిక్కిపడేవాణ్ణి.”

తండ్రి అంతసేపు మాట్లాడగా ఆవిడ ఎప్పుడూ వినలేదు. ఇన్నేళ్ళలో తనెప్పుడూ ఆయన పని గురించి అడగలేదన్న సంగతి కూడా అప్పుడే తట్టింది.

వడ్రంగి ఇంట్లో లేడు. అతని భార్య స్టూళ్ళు తెచ్చి వేసింది. చురుకైన మనిషి. “ఇల్లు మీది, మీరు నిలబడితే మాకేం మర్యాద పెద్దాయన గారూ?” అంది. ఆమె వెనక కొంగు పట్టుకుని ఒక చిన్నపిల్ల. బుజ్జిది అని పిలుస్తున్నారు. ఇంకా బడికి వెళ్ళే వయసు రాలేదు. పెరట్లో గోడవార కాలవ ఎప్పుడో పూడిపోయి, దాని మీద గడ్డి, ముళ్ళ కలుపు దట్టంగా పెరిగాయి. ఆ పక్కనే పాలకూర మడి.

“అచ్చం అక్కడే వేసేది మీ అమ్మ కూడా,” అన్నాడు అద్దాలాయన.

ఆవిడ కలుపు మొక్కలు వేళ్ళతో సహా పెకలించుకుంటోంది. మట్టిని లోతు ప్రకారం సంచుల్లో నింపుకుంటోంది. పాలకూర మడి కంటి ముందే ఉంది. దాని గురించి ఆ రోజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

తర్వాతి వారాలు ఆవిడ జీవితంలో మంచి వారాలు. వేళ్ళని పల్చగా, గాజు కత్తితో కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే, వేరు పైపొరకి అతుక్కుని నల్లటి చుక్కలు గుంపులు గుంపులుగా కనిపించాయి. వెండే. కానీ ఒట్టి వెండి కాదు. మట్టిలోని గంధకం దాన్ని పట్టేసి, చుట్టూ పెంకులా కట్టుకుంది. మొక్క దాన్ని గుమ్మం దగ్గరే ఆపేసింది. సీసాల్లోని చిక్కుళ్ళు మూడో రోజుకే ఆకుల దాకా పీల్చుకున్న సరుకుని, పెరటి కలుపు వేరు దాటనివ్వలేదు. ఆవిడకి గంతులేసినంత పనైంది. ఎవరికి చెప్పాలో తెలియక చుట్టూ చూసింది. మైక్రోస్కోపు చూసుకునే టెక్నీషియన్ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

ఇంటికెళ్ళి లాప్‌టాప్‌లో తండ్రికి చూపించింది.

“ఈ నల్ల చుక్కలున్నాయి చూడు నాన్నా, ఇవి నువ్వు పోసిన వెండి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.”

ఆయన కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. సంతోషిస్తాడనుకుంది. చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా కుర్చీ వెనక్కి వాలాడు.

“అంటే ఆ నేలంతా నేను పాడు చేశానన్నమాట.”

“అలా కాదు నాన్నా…”

“ఉండు. మీ అమ్మ అక్కడ పాలకూర వేసింది. రోజు విడిచి రోజు అదే తిన్నాం. మీ అమ్మకి అది ఇష్టం, మాకు వడ్డించగా మిగిలిందంతా తనే తినేది.” ఆయన గొంతు మామూలుగానే ఉంది. “కిడ్నీలు పోయింది అందుకేనా?”

ఆవిడ లాప్‌టాప్ మూసేసింది. ఆ ప్రశ్న తనకి రాలేదే అని సిగ్గేసింది. అబద్ధం చెప్పడం చేతకాదు. “తెలియదు నాన్నా. చూసి చెప్తాను,” అంది.

ఆ మాట అనడంతో అది ఆవిడ పని అయిపోయింది. పెరటి మట్టి తెచ్చి కుండీల్లో నింపింది, పాలకూర విత్తనాలు వేసింది. ఆ కుండీలు ఏ వ్యాసం కోసమూ కాదు. పొద్దున ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే తండ్రి గుమ్మం దాకా వచ్చి, “మొలిచాయా?” అని అడిగేవాడు. “రెండాకులు వేశాయి.” మర్నాడు మళ్ళీ. “ఎంత ఎత్తు?” చేత్తో చూపించేది. ఇద్దరి మధ్యా మాట అంటూ ఒకటి పుట్టింది. కాకపోతే అదెలాంటి మాటో ఇద్దరికీ తెలుసు. ఆయన రోజురోజుకీ తిండి తగ్గించేశాడు. టీవీ పెట్టడం కూడా మానేశాడు.

ఆకులు కోతకొచ్చాయి. కడిగి, ఆరబెట్టి, యాసిడ్‌లో కరిగించి, లోహాలు కొలిచే యంత్రం దగ్గరికి తీసుకెళ్ళింది. యంత్రం దగ్గర కూర్చునే ఉద్యోగి మామూలుగా అడిగినట్టే అడిగాడు. “వెండి ఒక్కటే చూడనా మేడం, అన్నీ చూడనా?”

“అన్నీ చూడండి,” అంది. ఎందుకు అందో తెలియదు. ఎప్పుడూ వెండి ఒక్కటే అడిగేది.

తెర మీద అంకెలు వచ్చాయి. ఆకుల్లో వెండి ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు అన్నంత. అంతా వేళ్ళ దగ్గరే నిలిచిపోయింది. ఆవిడకి నెత్తి మీంచి కొండ దిగినట్టయింది. మెట్ల మీదే తండ్రికి ఫోన్ చేద్దామని బ్యాగులో చెయ్యి పెట్టింది.

“మేడం, ఈ సీసం సంగతేంటి?” అన్నాడు ఆ ఉద్యోగి.

సీసం. ఆకుల్లో, తినే ఆకుల్లో, ఉండకూడనంత ఉంది.

అద్దం వెనక వెండి పూత గీతలు పడకుండా ఒక ఎర్ర రంగు పూసేవాళ్ళు. ఇనుప గేట్లకి తుప్పు పట్టకుండా పూసే ఎర్ర రంగు లాంటిదే. ఆ రోజుల్లో అందులో సీసం కలిపేవాళ్ళు. బ్రష్షులు కడిగిన నీళ్ళు, గీకేసిన పెచ్చులు, అన్నీ వెళ్ళింది ఆ పెరట్లోకే. సీసం కిడ్నీలని ఏం చేస్తుందో చెప్పడానికి ఆవిడ ఎవరినీ అడగక్కర్లేదు. అలాగని ఒక మనిషి పోయిన ఇన్నేళ్ళకి, దీనివల్లే పోయిందని ఏ యంత్రమూ చెప్పలేదు. అయ్యుండచ్చు, కాకపోవచ్చు.

ఇంటికెళ్ళేసరికి తండ్రి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

“వెండి వల్ల కాదు నాన్నా,” అంది. “ఆకుల్లోకి రానే లేదు.”

“నిజంగా?”

“నిజంగా. నేనే కొలిచాను.”

ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డవాడు అలాగే మొహం గోడకి తిప్పుకున్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు. టీవీ పెట్టుకున్నాడు. ఫోన్లో చెల్లెలికి, “మా అమ్మాయి ల్యాబులో పెట్టి తేల్చింది, నా వెండి తప్పేమీ లేదుట,” అని చెప్తుంటే వంటింట్లో గిన్నెలు తోముతూ ఆవిడ వింది. చెప్పిన మాటలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అదే ఆవిణ్ణి తినేసింది.

ఒక్క కొలతతో ఏదీ తేల్చకూడదు, మళ్ళీ వేసి చూడాలి అని తనకి తను చెప్పుకుంది. శాస్త్రం ప్రకారం అది నిజమే. కొత్త విత్తనాలు వేసింది. మళ్ళీ మొలకలు, మళ్ళీ ఆకులు. ఈసారి తండ్రి గుమ్మం దగ్గర ఏమీ అడగలేదు, ఆయనకి ఆ పని అయిపోయింది. ల్యాబులో చెప్పుకోవడానికి ఎవరూ లేరు, ఉన్నా ఎక్కడ మొదలుపెట్టాలి? పైన భోజనాల హాలుకి ఒకరోజు డబ్బా పట్టుకుని వెళ్ళింది. “అయ్యో, మేడం వచ్చారే!” అని చోటిచ్చారు. పక్కనున్న అమ్మాయి పాపకి పళ్ళొస్తున్నాయని, చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటోందని నవ్వుతూ చెప్తోంది. ఆవిడ డబ్బా మూత పెట్టేసింది. వడ్రంగి కూతురు గుర్తొచ్చింది. ఆ మట్టిలో ఆడుకునే బుజ్జిది.

అంతవరకూ చచ్చిపోయిన అమ్మ గురించే ఆలోచించింది. బతికున్న పిల్ల గురించి ఆలోచించలేదు.

రెండోసారి కొలత ఏం వచ్చిందో చూడకుండానే ఆ మధ్యాహ్నం పాత వీధికి వెళ్ళింది. వడ్రంగి భార్య పెరట్లోనే ఉంది, ఒడిలో ఆకుకూర. బుజ్జిది చెంచాతో మట్టి తవ్వి గిన్నెలో పోస్తోంది. ఆవిడ నిలబడే అంతా చెప్పింది. చెప్తుంటే వడ్రంగి భార్య ఒడిలోని ఆకులు ఒక్కొక్కటే కింద పడ్డాయి. ఆమె ముందు పిల్లని ఎత్తుకుంది. చేతులు కడిగించింది. గోళ్ళు చూసింది. మళ్ళీ కడిగించింది. తర్వాత ఈవిడ వైపు తిరిగింది.

“మీకెప్పుడు తెలిసిందక్కా?”

“మొదటిసారి కొలిచి… నెల దాటింది.”

“నెల దాటిందా?”

“మళ్ళీ చూసి, ఖాయం చేసుకుందామని…”

“ఖాయం అయ్యేదాకా తినద్దని ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయేదక్కా? తర్వాత ఏం లేదని తేలితే నవ్వుకునేవాళ్ళం కదా.”

 పిల్లకి రక్త పరీక్ష చేయిద్దాం, నేను తీసుకెళ్తాను అంది ఆవిడ. “మా పిల్లని మేం తీసుకెళ్ళగలం,” అని వడ్రంగి భార్య లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. విసురుగా కాదు, మెల్లగానే వేసింది.

బుజ్జిదాని రక్తంలో సీసం ఉందని వచ్చింది. మందులు వాడాల్సినంత కాదు, ఊరుకోవాల్సినంతా కాదు. ఆ మట్టి తగలనివ్వకండి, తిండి బాగా పెట్టండి, మూడు నెలలకోసారి చూపించండి, తగ్గుతుంది అన్నాడు డాక్టరు.

ఇక తండ్రికి చెప్పక తప్పదు. వడ్రంగి వచ్చి చెప్పే లోపల తనే చెప్పాలి. ఆ సాయంత్రం టీవీ ఆపింది. “చూస్తున్నానే,” అన్నాడాయన అలవాటుగా. “తెలుసు నాన్నా. ఒక మాట చెప్పాలి,” అని ఎదురుగా కూర్చుని, సీసం గురించి, ఎర్ర రంగు గురించి, బుజ్జిదాని గురించి చెప్పింది.

 అంతా విన్నాక, “ఆ ఎర్ర రంగు పూసింది నేను కాదు,” అన్నాడు.

“మరి?”

“మీ అమ్మ. వెండి పొయ్యడం వరకే నాది. అది ఆరాక వెనక రంగు వేసేది మీ అమ్మే. నాకు చెయ్యి వణికేది, తనది నిలకడైన చెయ్యి. నువ్వు బడికెళ్ళాక కూర్చుని, నువ్వొచ్చే లోపు ముగించేది. నీ బట్టలకి అంటుతుందని. బ్రష్షు కొసలు విచ్చుకుంటే పెదాలతో సన్నం చేసుకునేది. వద్దనేవాణ్ణి కాదు. అంత సన్నగా అంచు ఇంకెవరికీ రాదని మెచ్చుకునేవాణ్ణి.”

ఆవిడకి తల్లి గోళ్ళ చుట్టూ ఉండే ఎరుపు కళ్ళకి కట్టింది. గోరింటాకేమో అనుకునేది చిన్నప్పుడు.

“మన రక్తం కూడా చూపిద్దాం నాన్నా.”

“మన రక్తానికేం, ఇన్నేళ్ళు బతికాం,” అని ఆయన లేచాడు. లేస్తూ, “ముందే తెలిసింది కదూ నీకు? వెండి వల్ల కాదని చెప్పిన రోజే?” అన్నాడు.

“తెలుసు.”

“ఆ నెల రోజులూ నేను హాయిగా నిద్రపోయానే,” అన్నాడు. అది నిష్ఠూరమో, మరేదైనానో ఆవిడకి అర్థం కాలేదు. ఆయన గదిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఆవిడ లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. ఆటో చేసుకుని ఒక్కడే పాత వీధికి వెళ్ళాడు. పెరటి మట్టి పైపొర అంతా తీయించి, ప్రమాదకరమైన చెత్త తీసుకెళ్ళే వాళ్ళకి అప్పగించేదాకా రోజూ వెళ్ళి కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఏ సంచుల్లో నింపాలో కూతుర్ని అడిగి తెలుసుకున్నాడు, అంతవరకే. తర్వాత ఆ పెరడంతా గచ్చు చేయించారు. పని అయిపోయినా ఆయన వెళ్ళడం మానలేదు. వడ్రంగి దగ్గర కూర్చుని చెక్క ముక్కలు నున్నగా రుద్దిపెట్టేవాడు. బుజ్జిది ఆయన్ని అద్దాల తాత అనేది. పరీక్షకి వెళ్ళే రోజుల్లో ఆ పిల్ల తాత చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ పట్టుకునేది కాదుట. వడ్రంగి భార్య ఆయన మీద కోపం పెట్టుకోలేదు. తెలియక చేసిన మనిషి, పైగా పెళ్ళాన్ని పోగొట్టుకున్నవాడు. ఆమె కోపమంతా తెలిసి ఆగిన మనిషి మీద. అదీ న్యాయమే అనిపించేది వెండి మేడానికి.

సాయంత్రం చీకటి పడ్డాక ఆయన ఇల్లు చేరేవాడు, అక్కడే తినేసి. “తిన్నావా?” అంటే, “తిన్నాను. ఈసారి ఇంకా తగ్గిందిట బుజ్జిదానికి,” అనేవాడు. మొహంలో వెలుగుండేది. ఆవిడ ఒక్కతే కూర్చుని డబ్బాలో మిగిలింది తినేది. తండ్రికి ఒక చోటు దొరికిందని సంతోషమే. తనకి ఆ గుమ్మం తెరుచుకోదని కూడా తెలుసు.

వ్యాసం అచ్చయింది. మెచ్చుకున్నారు. ఒక సభలో ఆవిడ మాట్లాడి దిగాక ఒక పెద్ద మనిషి వచ్చి చేయి కలిపి, “ఇలాంటి స్థలం దొరకడం మీ అదృష్టం,” అన్నాడు. “అవునండీ,” అంది. సీసం సంగతి వ్యాసం చివర్లో ఒక పేరాలో ఉంది. దాని గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తర్వాతి ఏడాది నుంచి ఆవిడ సీసాలు పక్కన పెట్టి సీసం మీద పడింది. ఏ ఆకుకూర దాన్ని ఎక్కువ పీలుస్తుంది, మట్టిలో ఏం కలిపితే పీల్చకుండా ఉంటుంది అని. ఇప్పుడు అందరూ ఏమని పిలవాలో తెలియక, మేడం అని ఊరుకుంటున్నారు.

ఒక పరీక్ష రోజున అద్దాలాయనకి జ్వరం వచ్చింది. వెళ్ళడానికి వీల్లేదు. బుజ్జిది తాత రాకపోతే సూది వేయించుకోనని మారాం చేస్తోందని వడ్రంగి ఫోన్ చేశాడు. “మా అమ్మాయిని పంపిస్తాను,” అన్నాడాయన, కూతుర్ని అడక్కుండానే. ఆవిడ మొక్కల గది లైట్లు ఒకసారి చూసుకుని, సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళింది.

వరండాలో బల్ల మీద వడ్రంగి భార్య కూర్చుని ఉంది. ఈవిణ్ణి చూసి తల ఊపింది. నవ్వలేదు. ఈవిడ మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది. ఆ చోట్లోకి బుజ్జిది ఎక్కింది. ఇప్పుడు బడికి వెళ్తోంది, ముందు పళ్ళు రెండు ఊడాయి.

“తాతకి సూది వేశారా?”

“లేదమ్మా, మాత్రలిచ్చారు.”

“నువ్వు మొక్కల డాక్టరువిట కదా? మొక్కలకి సూది వేస్తావా?”

“వెయ్యను. నీళ్ళలో కలిపి ఇస్తాను.”

“చేదుగా ఉంటే?”

“అవి చెప్పవు. అదే కష్టం. ఏం జరిగిందో మనమే చూసి కనిపెట్టాలి.”

 “నేను చెప్తాను. నాకు నొప్పి పుడితే అరుస్తాను,” అంది బుజ్జిది.

“అరువు. గట్టిగా అరువు,” అంది ఆవిడ.

వడ్రంగి భార్య తల తిప్పలేదు. లోపల్నుంచి నర్సు బుజ్జిదాని పేరు పిలిచింది. వడ్రంగి భార్య లేచి, బ్యాగు తీసుకుని, రెండడుగులు వేసి ఆగింది.

“మీరు కూడా రండి,” అంది.